శుభ్రం చేసిన దెయ్యం సినిమా

కువైట్‌లో ఉన్న మనవాళ్ళంతా మూటాముల్లె సర్దుకుని బాగ్దాద్ దారి పడుతుంటే, చిన్నపుల్లయ్య మాత్రం జహ్రాలో ఓ గదిలో కూర్చుని దెయ్యం సినిమాకు మరమ్మతు చేస్తున్నాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. ఇక్కడ ఇల్లు కాలినవాడూ చిన్నపుల్లయ్యే, నిప్పందించాల్సినవాడూ చిన్నపుల్లయ్యే. దేవుడు కొందరి నుదుట రెండు పనులూ కలిపి రాస్తాడు, కూలి మాత్రం ఒకదానికే ఇస్తాడు.

అది తొంభయ్యో సంవత్సరం ఆగస్టు. ఇరాక్ సైన్యం దిగి రెండు వారాలు దాటింది. అంగళ్ళు మూతబడ్డాయి. రొట్టె కోసం జనం ఎండలో బారులు తీరుతున్నారు. ఏ మలుపులో ఏ సైనికుడు ఆపి ఏమడుగుతాడో తెలియదు. ఇంత జరుగుతుంటే, ఉమ్ ఫహద్ ఇంటి వెనక గదిలో కూరగాయల డబ్బా బోర్లించి, దాని మీద రెండు వీసీఆర్లు, పక్కనే టీవీ పెట్టుకుని, నేలంతా వైర్లు పరుచుకుని కూర్చున్నాడు చిన్నపుల్లయ్య. అతని భార్య రెడ్డెమ్మ ఆ ఇంట్లోనే పనిమనిషి. పని ముగించుకుని గదికి వస్తే ఆమెకు కాలు పెట్టే సందు కూడా ఉండేది కాదు.

“ఏమయ్యో, ఆ దెయ్యమింగా సావల్యా?” అనేది వచ్చినప్పుడల్లా.

“గమ్మునుండు మే. నువ్వు నోరు తెరిస్తే నాకు లెక్క తప్పుతాది.”

“దెయ్యాలకు గూడా లెక్కలుండాయా! రాయచోటిలో మన బిడ్డలు రేడియో ముందర కూసోని ఏడుస్తాంటారు, మనం బతికుండామో ల్యామో తెల్దు వాళ్ళకు. నువ్వేమో జపాన్ దెయ్యానికి గొంతు సరిచేస్తాండావు.”

ఆమె మాటలో అబద్ధం లేదు. అందుకే చిన్నపుల్లయ్యకు మరింత మండేది. అబద్ధమాడే పెళ్ళాంతో ఎట్లాగోట్లా నెగ్గుకు రావచ్చు, నిజం చెప్పే పెళ్ళాంతో ఎవడు నెగ్గుతాడు?

ఈ సినిమా గొడవ ఎక్కడ మొదలైందో చెప్పాలంటే ఫహద్ గురించి చెప్పాలి. ఉమ్ ఫహద్ అంటే ఫహద్ తల్లి అని అర్థం. భర్త పోయాడు, ఒక్కడే కొడుకు. ఆ కొడుకు జపాన్ వెళ్ళి టీవీల చదువు చదివాడు. తిరిగొచ్చి, అంత చదువూ చదివినవాడు జహ్రాలో ఒక వీడియో షాపు పెట్టుకుని కూర్చున్నాడు. లక్కిరెడ్డిపల్లెలో టేప్ రికార్డర్లు బాగుచేసుకునే చిన్నపుల్లయ్య పెళ్ళాం పంపిన వీసా మీద వచ్చి, కార్లు కడుగుతుంటే, వాడి పనితనం చూసి షాపులోకి తీసుకున్నదీ ఫహదే. ‘ప’ పలకని అరబ్బు నోట పుల్లయ్య కాస్తా ‘బుల్లా’ అయ్యాడు. “యా బుల్లా, తాల్!” అని రమ్మంటే చాలు, స్క్రూడ్రైవర్ చేతబట్టుకుని పరిగెత్తేవాడు.

జపాన్ నుంచి ఫహద్ తెచ్చుకున్న సామాన్లలో ఒక వీసీఆరూ, ఒక దెయ్యం సినిమా క్యాసెట్టూ ఉన్నాయి. ఆ సినిమా అక్కడ థియేటర్లలో నాలుగు రోజులు కూడా ఆడలేదట. తర్వాత కాలేజీ పిల్లలు దాన్ని వెతుక్కుని మరీ చూసి వెర్రెత్తిపోయారట. కథ చెప్పుకుంటే ఇంతే. గొడుగులు బాగుచేసేవాడి పెళ్ళాం వరదలో కొట్టుకుపోతుంది. ఆనాటి నుంచి వాన పడ్డప్పుడల్లా ఎవరో ఒకరి ఇంట్లోకి తడి అడుగులు నడుచుకుంటూ వస్తాయి. మనిషి కనబడదు, అడుగులే. ఆ అడుగులు ఎవరి మంచం దగ్గర ఆగితే వాళ్ళ పని అయిపోయినట్టే. ఏడాదికి ఐదారు చినుకులు రాలే జహ్రాలో ఈ సినిమాకు అంత పిచ్చి ఎందుకు పట్టిందో ఎవరికీ తెలియదు. పెళ్ళిళ్ళు కావాల్సిన మగపిల్లలు, మీసాలు నెరిసిన పెద్దమనుషులు, అందరూ మళ్ళీ మళ్ళీ అద్దెకు తీసుకెళ్ళేవారు. ఒకసారి రెడ్డెమ్మ బాత్‌రూమ్ కడిగి తడికాళ్ళతో హాల్లోకి వస్తే, ఆ అడుగులు చూసి ఉమ్ ఫహద్ కెవ్వున కేకేసింది. ఆ రోజంతా రెడ్డెమ్మకు చీవాట్లే.

చిక్కేమిటంటే జపాన్ క్యాసెట్టు ఇక్కడి మిషన్లలో ఆడదు. ఫహద్ తెచ్చిన మిషన్లోనే ఆడుతుంది, ఆ మిషన్‌కేమో ఇక్కడి కరెంటు ఎక్కువ, మధ్యలో ఇనప ముద్దలాంటి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. మరి అద్దెకివ్వడం ఎట్లా? ఫహద్ ఒక శుక్రవారం పొద్దున హాల్లో టీవీ ఎదురుగా వీడియో కెమెరా నిలబెట్టి, సినిమా ఆడించి, ఆ ఆడే బొమ్మనే మొత్తం కెమెరాతో పట్టేశాడు. బొమ్మ బాగానే వచ్చింది. మాట మాత్రం భ్రష్టుపట్టింది. దెయ్యం అడుగుల చప్పుడుతో పాటు ఏసీ గురక, ఫహద్ దగ్గు, తల్లీకొడుకుల ముచ్చట్లు, వంటింట్లో గిన్నెలు, ఇంటి సంసారమంతా క్యాసెట్లోకి ఎక్కేసింది. అయినా ఆ ఒక్క క్యాసెట్టే ఊరంతా అద్దెకు తిరిగింది. అసలు క్యాసెట్టేమో ఆడి ఆడి నలిగి, బొమ్మ చారలు పడిపోయింది, మాట మాత్రం అద్దంలా ఉంది.

“బుల్లా, దీంట్లో బొమ్మ, దాంట్లో మాట. రెండూ కలుపు. నా దగ్గూ నా వాగుడూ అంతా పోవాలి. సాఫ్!” అన్నాడు ఫహద్ వేసవి మొదట్లో. చిన్నపుల్లయ్య సరేనన్నాడు. షాపులో పనుల మధ్య అది ఇవాళ, రేపు అంటూ వాయిదా పడుతూ వచ్చింది.

ఆగస్టులో సైన్యం వచ్చింది. మూడో నాడో నాలుగో నాడో ఫహద్ మేనమామను చూసి వస్తానని కారెక్కాడు. రౌండ్‌అబౌట్ దగ్గర చెక్‌పోస్టులో దింపేశారని, లారీ ఎక్కించారని చూసినవాళ్ళు చెప్పారు. అంతే, ఆ తర్వాత కబురు లేదు. షాపును సైనికులు దోచుకునేలోపు చిన్నపుల్లయ్య రెండు మిషన్లు, ఆ ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు క్యాసెట్లు బియ్యం సంచిలో వేసుకుని వెనకదారిన తెచ్చేశాడు. ఎందుకు తెచ్చాడంటే ఏం చెబుతాం? మనిషి భయంలో ఏది చేతికందితే అది పట్టుకుంటాడు.

ఇక పాస్‌పోర్టులు. కఫీల్, అంటే వీసాకు పూచీ ఉన్న యజమాని, ఫహద్ కాబట్టి మొగుడూపెళ్ళాల పాస్‌పోర్టులు రెండూ ఉమ్ ఫహద్ బీరువాలో ఉన్నాయి, బీరువా తాళం ఆమె నడుముకు ఉంది. పాస్‌పోర్టు లేకుండా బార్డరు చేరినవాళ్ళను పంపిస్తున్నారని కొందరు, ఎండలో వదిలేస్తున్నారని కొందరు, ఒక్కొక్కరు ఒక్కో కథ. ఇద్దరూ కలిసి వెళ్ళి ఆమె ముందు నిలబడ్డారు. ఇంటి యజమానురాలిని అక్కడ పనివాళ్ళంతా మామా అనే పిలుస్తారు. రెడ్డెమ్మే అడిగింది.

“మామా, మేం మా ఊరికి పోతాం. పాస్‌పోర్టులు ఇవ్వండి.”

ఉమ్ ఫహద్ సోఫాలో గోడవైపు చూస్తూ కూర్చుంది. కొడుకును పట్టుకుపోయినప్పటి నుంచి ఆమె ఎవరి మొహంలోకీ చూడటం లేదు. ఇప్పుడు మాత్రం చిన్నపుల్లయ్య వైపు తిరిగింది. “ఫహద్ నీకొక పని అప్పజెప్పాడు. ఆ ఫిల్మ్. ఆ శుక్రవారం తీసింది.”

“అవును మామా. క్యాసెట్టును ఎవరిదో మిషన్ నమిలేసింది. రెండు చోట్ల తెగింది.”

“అది నాకు కావాలి. ఆడేట్టు చేసి తీసుకురా. తెస్తే నీ పాస్‌పోర్టు నీది, ఆమెది ఆమెది. వల్లా, దేవుడి మీద ఒట్టు, ఒక్క నిమిషం ఆపను.”

గదికి వచ్చాక చిన్నపుల్లయ్య తల పట్టుకున్నాడు. ఊరు మునిగిపోతుంటే ఈ ముసలమ్మకు దెయ్యం సినిమా కావాలట! కలిగినవాళ్ళ సరదాలు ఇట్లాగే ఉంటాయి, పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

“తెగిందే కదా? అతికించి ఆమె మొగాన పారెయ్. సాయంత్రానికి పోదాం,” అంది రెడ్డెమ్మ.

అతికించడం అతనికి అరగంట పని. అక్కడే ఆగి ఉంటే ఈ కథే లేదు. కానీ చిన్నపుల్లయ్యకు ఒక జబ్బుంది. పని చెప్పినవాడికన్నా పని గురించి తనకే ఎక్కువ తెలుసనే జబ్బు. “ఫహద్ సారు చెప్పిందేంది? సాఫ్ చెయ్యమని. సగం సగం పని చేసి ఇస్తే ఆమె ఊరుకుంటాదా? ‘ఇదేంది, దగ్గులూ తుమ్ములూ అట్లే ఉండాయి’ అని బీరువా తెరవకపోతే?” అన్నాడు.

“ఆమె అడిగింది ఆడేట్టు సెయ్యమని.”

“నీకేం తెలుసు మే ఈ పని? నీ పని నువ్వు చూసుకో.”

ఆ మాటకు రెడ్డెమ్మ పెట్టిన మొహం చూస్తే ఏ దెయ్యమైనా వానలో వెనక్కి తిరిగిపోవాల్సిందే.

పని ఇట్లా ఉంటుంది. ఇక్కడి వీసీఆర్‌లో బొమ్మ ఉన్న క్యాసెట్టు పెట్టాలి. ఆడియో డబ్ అనే బటన్ నొక్కితే బొమ్మ చెరగదు, పాత మాట చెరిగిపోయి దాని చోట కొత్త మాట ఎక్కుతుంది. ఆ కొత్త మాట జపాన్ మిషన్ నుంచి రావాలి. రెండు మిషన్లూ ఒకే క్షణాన మొదలవ్వాలి. తీరా మొదలెట్టాక ఒకటి ఎద్దులా నడుస్తుంది, ఇంకొకటి దూడలా ఉరుకుతుంది. కాసేపటికి తలుపు మూసుకున్నాక చప్పుడు వినబడుతుంది, ఆడమనిషి నోరు తెరిస్తే మగవాడి గొంతు పలుకుతుంది. అందుకని ముక్కలు ముక్కలుగా చేయాలి. ప్రతి ముక్కకూ ఎక్కడ మొదలెట్టాలో గుర్తు కావాలి. ఆ గుర్తులు చిన్నపుల్లయ్యకు దొరికింది ఆ పాత రొదలోనే. ఫహద్ రెండుసార్లు దగ్గి గొంతు సవరించుకుంటాడు, అక్కడ బటన్ నొక్కాలి. ఉమ్ ఫహద్ ఏమిటిదని, “షినూ హాదా?” అంటూ అరుస్తుంది, అక్కడ ఆపాలి. కాబట్టి ముందు ఆ రొదను విని విని బట్టీపట్టేవాడు, తర్వాత బటన్ నొక్కి చెరిపేసేవాడు. నడుస్తున్నప్పుడు నోటితో కూడా అనుకునేవాడు, ఇప్పుడు దగ్గు, ఇప్పుడు నవ్వు, ఇప్పుడు టీ అడుగుతాడు. గదిలోకి వచ్చిన రెడ్డెమ్మ ఒకరోజు మొగుడు ఒక్కడే కూర్చుని అరబ్బీలో దగ్గుతుంటే చూసి గుండెలు బాదుకుంది.

సగం పని అయ్యేసరికి ఇల్లు సోదా చేయడానికి సైనికులు వచ్చారు. మిషన్లు రెండింటినీ అతను అప్పటికే బియ్యం డ్రమ్ములో దాచాడు. వాళ్ళు ఇల్లంతా తిరిగి, చివరికి గదిలో టీవీని వదిలేసి ట్రాన్స్‌ఫార్మర్‌ను చూసి, బరువుగా ఉంది కదా విలువైనదే అయ్యుంటుందని ఎత్తుకుపోయారు. అదే లేకపోతే జపాన్ మిషన్ ఉత్త డబ్బా. చిన్నపుల్లయ్యకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు అల్లాబకష్ కాళ్ళు పట్టుకోవాల్సి వచ్చింది. అల్లాబకష్‌ది రాయచోటే. అమ్ఘరాలో సిమెంటు కంపెనీ బస్సు డ్రైవరు. కంపెనీ యజమాని ఊరొదిలి పోతూ బస్సు తాళం ఇతని చేతిలో పెట్టిపోయాడు. ఆ బస్సులో మనవాళ్ళను ఎక్కించుకుని బస్రా దాకా దింపి, మళ్ళీ వచ్చి మళ్ళీ ఎక్కించుకుని, అట్లా తిప్పుతున్నాడు. చిన్నపుల్లయ్య అడిగింది విని అతను నెత్తి కొట్టుకున్నాడు.

“ఏమన్నా, పెట్రోలు దొరక్క నేను సస్తాంటే నీకు ట్రాన్స్‌ఫార్మరా? యా అల్లా! బస్సులో నీకూ వదినకూ సీట్లు పట్టి పెట్టినా గదా. ఎక్కి పోకుండా ఈ సినిమా పిచ్చి ఏంది నీకు?”

“పిచ్చి నాది కాదురా. పాస్‌పోర్టులు ఆమె దగ్గరుండాయి.”

“ఆమె పిచ్చికి నువ్వు, నీ పిచ్చికి నేను. మంచి లైను కట్టినారు!”

తిడుతూనే అమ్ఘరాలో తుక్కు యార్డులన్నీ వెతికి ఒకటి పట్టుకొచ్చాడు. తెచ్చేసరికి ఆ విడత బస్సు నిండిపోయింది. కిటికీలోంచి చెయ్యి ఊపుతున్న ఊరివాళ్ళను చూస్తూ నిలబడ్డ రెడ్డెమ్మ ఆ రోజు మొగుడితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మాట్లాడితే బాగుండేది అనుకున్నాడు చిన్నపుల్లయ్య.

ఎట్లాగైతేనేం, పని పూర్తయింది. మొదటి నుంచి చివరిదాకా ఒకసారి ఆడించి చూసుకున్నాడు. వాన చుక్క నేల మీద పడితే ఆ చుక్క శబ్దం పడిన క్షణానే వినబడింది. తడి అడుగు పడితే వీపు మీద పడినట్టుంది. దగ్గు లేదు, నవ్వు లేదు, గిన్నెల మోత లేదు. ఇన్నాళ్ళ కోపమంతా మరిచిపోయి చిన్నపుల్లయ్య ఛాతీ పొంగింది. ఈ యుద్ధంలో కువైట్‌లో ఎవడైనా ఒక వస్తువును పాడుచేయకుండా బాగుచేశాడంటే అది నేనే అనుకున్నాడు. పాపం, అనుకున్నాడు.

మర్నాడు పొద్దునే అల్లాబకష్ బస్సు వీధి చివరకు వచ్చి ఆగింది. “ఇదే ఆఖరు ట్రిప్పు అవుతుందేమో అన్నా. బస్సును వాళ్ళు గుంజుకుంటారని అంటాండారు. హారన్ కొడితే రావాల, అంతే,” అని చెప్పిపోయాడు. రెడ్డెమ్మ రెండు సంచులు గుమ్మం దగ్గర పెట్టి, చీర కొంగు నడుముకు చుట్టుకుని సిద్ధంగా నిలబడింది. చిన్నపుల్లయ్య క్యాసెట్టును రెండు చేతులా పట్టుకుని హాల్లోకి వెళ్ళాడు.

ఉమ్ ఫహద్ లేచి నిలబడింది. ఇన్ని రోజుల్లో ఆమె ఒకరిని చూసి లేవడం అదే మొదలు. సోఫాను వదిలేసి టీవీకి దగ్గరగా తివాచీ మీద కూర్చుంది. చిన్నపుల్లయ్య క్యాసెట్టు పెట్టాడు. తెర మీద వాన మొదలైంది. జపాన్ వేణువు సన్నగా పలికింది.

“సౌండ్ పెంచు,” అందామె.

పెంచాడు.

“ఇంకా.”

ఇంకా పెంచాడు. హాలంతా వాన కురుస్తున్నట్టుంది. ఉమ్ ఫహద్ మెడ ముందుకు చాచి, తెరను కాకుండా నేలను చూస్తూ వింటోంది. గొడుగులవాడు పెళ్ళాన్ని వెతుక్కుంటూ ఏటి ఒడ్డుకు వచ్చాడు. అతను నోరు తెరిచి కేకేశాడు. ఉమ్ ఫహద్ తలెత్తింది.

“ఇక్కడ ఫహద్ దగ్గుతాడు,” అంది. “దగ్గు ఏది?”

“తీసేశా మామా!” అన్నాడు చిన్నపుల్లయ్య, మొహమంతా నవ్వు చేసుకుని. “అంతా తీసేశా. సాఫ్. ఒక్క దగ్గు కూడా లేదు.”

చెప్పేశాక ఆమె మొహం చూశాడు. చూశాక అర్థమైంది. అర్థమవ్వడానికి భాష అక్కర్లేకపోయింది. ఆమెకు సినిమా అక్కర్లేదు. ఇన్ని రోజులుగా ఆమెకు సినిమా అక్కర్లేదు. ఆ శుక్రవారం పొద్దున ఈ హాల్లో దగ్గి, నవ్వి, అమ్మతో మాట్లాడిన కొడుకు గొంతు ఆ ఒక్క క్యాసెట్లోనే ఉంది. ఆ సంగతి నోటితో చెబితే కొడుకు ఇక రాడని ఒప్పుకున్నట్టవుతుందని, ఫిల్మ్ కావాలి అని మాత్రమే అంది. అతను ఆ గొంతును దగ్గు దగ్గుగా, మాట మాటగా ఏరి, వాటినే గుర్తులుగా పెట్టుకుని మరీ, చెరిపేశాడు.

ఉమ్ ఫహద్ లేచి లోపలికి వెళ్ళింది. బీరువా తలుపు తెరుచుకున్న చప్పుడైంది. రెండు పాస్‌పోర్టులు తెచ్చి చిన్నపుల్లయ్య చేతిలో పెట్టింది. “ఖలాస్. వెళ్ళండి,” అని మళ్ళీ సోఫాలో గోడవైపు తిరిగి కూర్చుంది.

నాలుగు తన్ని ఉంటే హాయిగా ఉండేది చిన్నపుల్లయ్యకు. తన చేతులు చూసుకుంటే తనకే అసహ్యం వేసింది. పని బాగా చేసినందుకు ఒక మనిషికి ఇంత పాపం చుట్టుకోవడం ఎక్కడైనా ఉందా? సగం పని చేసి ఇచ్చినా సరిపోయేది. ఏమీ చేయకుండా అతికించి ఇచ్చినా సరిపోయేది. పెళ్ళాం మాట వినుంటే సరిపోయేది.

“పా, పోదాం. పాస్‌పోర్టులొచ్చినాయి గదా, ఇంగేం చూస్తాండావు?” అని రెడ్డెమ్మ రెక్క పట్టి లాగింది. బయట హారన్ మోగింది.

అతను గుమ్మం దాకా నడిచి సంచి ఎత్తుకున్నాడు. వెనక టీవీలో సినిమా నడుస్తూనే ఉంది, ఆపడం ఎవరికీ తోచలేదు. ఇంట్లోకి మొదటి తడి అడుగు వచ్చే చోటు అది, అక్కడా ఫహద్ దగ్గు ఒకటి ఉండేది. ఎన్నిసార్లు ఆ ముక్క చేశాడో, ఎన్నిసార్లు తనలో తాను అనుకున్నాడో, ఆ క్షణం రాగానే చిన్నపుల్లయ్య నోటి నుంచి దానంతట అదే దగ్గు వచ్చింది. రెండుసార్లు దగ్గి, గొంతు సవరించుకున్నాడు. అచ్చం ఫహద్ లాగే.

ఉమ్ ఫహద్ గోడవైపు నుంచి తల తిప్పింది.

చిన్నపుల్లయ్య సంచి కింద పెట్టాడు. మళ్ళీ వచ్చి టీవీ పక్కన నేల మీద కూర్చున్నాడు. క్యాసెట్టును మొదటికి తిప్పాడు. “మామా, నాకు తెలుసు,” అన్నాడు వచ్చీరాని అరబ్బీలో. “అన్నీ తెలుసు. ఎక్కడేముందో నాకు తెలుసు.”

వాన మొదలైంది. “ఇక్కడ ఫహద్ సారు కుర్చీ జరుపుతాడు,” అన్నాడు. “ఇక్కడ మీరు అడుగుతారు, ‘షినూ హాదా?’ అని. ఆయన నవ్వి అంటాడు, ‘దెయ్యం కాదు యుమ్మా, అది ఇంకా రాలేదు, ఇది వాన.’” ఆయన నవ్వును కూడా నవ్వాడు. గొంతు ఫహద్‌ది కాదు, కడప జిల్లా గొంతు. అయినా నవ్వు మొదలయ్యే చోటూ ఆగే చోటూ తప్పలేదు. ఉమ్ ఫహద్ మెల్లగా సోఫా దిగి తివాచీ మీదికి వచ్చింది. ఏటి ఒడ్డున గొడుగులవాడు కేకేశాడు, చిన్నపుల్లయ్య దగ్గాడు. ఆమె కళ్ళు మూసుకుంది.

హారన్ మళ్ళీ మోగింది, ఈసారి ఆపకుండా. రెడ్డెమ్మ గుమ్మంలో నిలబడి ఇటూ అటూ చూసింది. ఇటు చూస్తే మొగుడు, పాస్‌పోర్టులు ఒళ్ళో పడేసుకుని దగ్గుతున్నాడు. అటు చూస్తే బస్సు.

“నీ దగ్గు తగలెయ్య!” అంది. విసురుగా బయటికి వెళ్ళింది. వీధి చివర ఆమె గొంతు వినబడింది, అల్లాబకష్ గొంతు అంతకన్నా పెద్దగా వినబడింది, ఆ తర్వాత బస్సు కదిలిన చప్పుడు వినబడింది. రెడ్డెమ్మ ఒక్కతే తిరిగి వచ్చింది. కళ్ళ నిండా నీళ్ళు, మొహం నిండా కోపం. మళ్ళీ బస్సు ఉంటుందో ఉండదో దేవుడికే తెలుసు.

తెర మీద చిన్నపిల్ల తలుపు తెరుస్తోంది. “ఇక్కడ రెడ్డెమ్మ తట్ట పడేసింది,” అన్నాడు చిన్నపుల్లయ్య.

“ఈడ కాదు,” అంది రెడ్డెమ్మ ముక్కు తుడుచుకుంటూ. “ఆ పాప కింద అడుగులు చూసి అరుస్తాదే, ఆడ. ఆ అరుపుకే నేను ఉలిక్కిపడి పడేసినా. మామా నన్ను తిట్టింది, సారు నవ్వినాడు. అన్నీ నీకే తెలిసినట్టు చెప్పొద్దు.”

వంటింట్లోకి వెళ్ళి స్టీలు తట్ట పట్టుకొచ్చింది. పాప అరిచింది. రెడ్డెమ్మ తట్టను నేలకేసి కొట్టింది. ఉమ్ ఫహద్ కళ్ళు మూసుకునే ఉంది, ఆ మోతకు ఉలిక్కిపడి, కోపంగా, అలవాటైన గొంతుతో తిట్టింది, “గుడ్డిదానా, కళ్ళెక్కడ పెట్టుకున్నావ్!” ఆ తిట్టు ఆ శుక్రవారం ఎక్కడ పడిందో సరిగ్గా అక్కడే పడింది. చిన్నపుల్లయ్య ఫహద్ నవ్వు నవ్వాడు.

అట్లా సినిమా అంతా నడిచింది. ఫహద్ టీ అడిగే చోట చిన్నపుల్లయ్య అడిగాడు, రెడ్డెమ్మ తెస్తున్నానంది. నమాజు వేళ అవుతోందని తల్లి గొణిగిన చోట ఆమే గొణిగింది. కొన్నిచోట్ల చిన్నపుల్లయ్య తడబడితే రెడ్డెమ్మ అందించింది. బయట ట్యాంకులు పోతున్నాయి, ఇంటి అద్దాలు కదులుతున్నాయి. లోపల ముగ్గురూ ఆ శుక్రవారం పొద్దునలోనే ఉన్నారు.

చివరికి తడి అడుగులు గొడుగులవాడి మంచం దగ్గరకు వచ్చి ఆగాయి. వాన వెలిసింది. తెర నల్లబడి జపాన్ అక్షరాలు పైకి పోతున్నాయి. ఆ చోట ఒక మాట ఉంది. చిన్నపుల్లయ్యకు అది బాగా తెలుసు, దాన్ని చెరపడానికి అతను ఒక పూటంతా కుస్తీ పట్టాడు. కానీ ఇప్పుడు నోరు రాలేదు. ఆరేళ్ళుగా ఆమెను మామా అనే పిలిచాడు. ఆ మాటలో ఉన్న పిలుపు అమ్మా అని, కొడుకు పిలవాల్సింది. రెడ్డెమ్మ వైపు చూశాడు. రెడ్డెమ్మ చెప్పమన్నట్టు తలూపింది.

“యుమ్మా,” అన్నాడు. “అయిపోయింది. ఇంక భయం లేదు, కళ్ళు తెరువు.”

ఉమ్ ఫహద్ కళ్ళు తెరవలేదు. చెయ్యి చాచి తడుముకుంటూ అతని చేతిని పట్టుకుంది.

“మళ్ళీ చెప్పు,” అంది.

అతను మళ్ళీ చెప్పాడు.